రాచపిల్ల కథ మీద నా వేలిముద్ర

నా పేరు శాంతమ్మ. వయసు అరవై దాటి రెండో మూడో అయింది. రొంపిచెర్లకు దగ్గరి ఊరు మాది. నా మొగుడు నాపరాళ్ళ క్వారీలో పనిచేసి ఆ దుమ్ముతోనే పోయాడు. చిన్నకొడుకు, కోడలు, ఒక బర్రె, నేను, ఇంతే మా ఇల్లు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఒకరు రాస్తున్నారు.

పంతులమ్మ పోయింది. పోయిన మంగళవారం నడికుడి నుంచి వచ్చిన రైల్వే గ్యాంగ్‌మన్ ఒకడు బస్సు దిగి, టీ కొట్టు దగ్గర ఆ మాట చెప్పాడట. "మీ ఊళ్ళో ఇదివరకు పనిచేసిన పంతులమ్మకు కామెర్లొచ్చినయ్. ఆదివారం మట్టి చేశాం" అన్నాడట. ఆ కబురు నా దాకా వచ్చేసరికి నేను బర్రెకు కుడితి కలుపుతున్నాను. చెయ్యి కుడితిలోనే ఉండిపోయింది. బర్రె మూతి పెట్టి నా మోచేతి దాకా నాకినా నాకు తెలియలేదు.

శుక్రవారం స్కూల్లో సంతాపసభ పెట్టారు. నేను వరండా చివర కూర్చున్నాను. స్కూలు కమిటీ ప్రెసిడెంటు లేచి, ఆవిడ ఎంత మంచి మనిషో చెప్పి, "తన ఇష్టం కొద్దీ బదిలీ అడిగి వెళ్ళింది గానీ, మన ఊరు ఆవిణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకుంది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ పేరున ఒక సంచిక అచ్చు వేస్తామనీ, ఎవరికేం గుర్తుంటే అది రాసి ఇవ్వమనీ చివర్లో చెప్పారు. సరే. నాకు గుర్తుంది. ఇస్తున్నాను. అచ్చు వేయండి.

పంతులమ్మ మా ఊరు వచ్చింది సాగర్ ఆనకట్ట పని మొదలుపెట్టిన కొత్తలో. గుంటూరులో చదివిన మనిషి. పోస్టాఫీసు వెనక ఒంటి గదిలో ఒక్కతే ఉండేది. నేను మొదటిసారి చూసింది ప్రెసిడెంటుగారి మిరప కళ్లంలో. అప్పుడూ ఇప్పుడూ ప్రెసిడెంటు ఆయనే. ఎండుమిరపకాయలకు తొడిమలు తీయడానికి పాతికమంది ఆడవాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. మా కళ్లంలో ఒక పద్ధతి ఉంది. కథ చెప్పే మనిషి తొడిమలు తీయనక్కరలేదు. వినేవాళ్ళు తలా రెండు గుప్పిళ్ళు వేసి ఆమె గంప నింపాలి. ఆ గంప నాది.

ఆవిడ తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని, తుమ్ముకుంటూ వచ్చింది.

"ఏందమ్మా, ఈ ఘాటులో మీకేం పని?" అన్నాను.

"మీరు కథలు బాగా చెబుతారని మా పిల్లలన్నారు. వినడానికి వచ్చాను శాంతమ్మగారూ."

నన్ను 'గారు' అన్న మొదటి మనిషి. కళ్లమంతా గొల్లుమంది. పక్కన కూర్చున్న కోటమ్మ, "శాంతమ్మగారంట! ఏమే గారూ, తమరికి కుర్చీ ఎయ్యమంటావా?" అంది. పంతులమ్మ కూడా నవ్వి, మళ్ళీ తుమ్మింది.

"పగలు కథ చెబితే మేనమామలు దారి తప్పుతారంటారు కదా, మీకు భయం లేదా?" అని అడిగింది.

"మా మేనమామలు ఏనాడో తప్పారమ్మా. ఇంకా తప్పేదానికి దారేడుంది?" అన్నాను.

కూర్చోమంటే కూర్చుంది. కూర్చున్న మనిషి ఊరికే ఉండకూడదు గదా, నా గంపకు తనూ తొడిమలు తీసింది. ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుని ఏడ్చింది. సాయంత్రం చేతులకు మజ్జిగ రాసి పంపాను. మర్నాడు రాదనుకున్నాను. వచ్చింది. ఆ ఏడు కళ్లం ఎత్తేదాకా బడి వదలగానే వచ్చేది. పెన్సిలు నాలుకకు తడుపుకుని నోటుబుక్కులో రాసుకునేది. ఆ నాలుక ఎప్పుడూ నల్లగా ఉండేది.

నేను చెప్పిన వాటిలో ఒకటి మా అమ్మ దగ్గర విన్నది. ఒక రాజు. రాజ్యంలో నీళ్ళు లేవు. కృష్ణ అవతలి ఒడ్డున రాతికోటలో ఉండే రాకాసి, నీళ్ళు వదులుతాను, నీ కూతుర్నివ్వు అన్నాడు. రాజు ఇచ్చాడు. రాచపిల్ల వాడి కాళ్ళొత్తుతూ, తియ్యగా మాట్లాడుతూ, వాడి ప్రాణం ఎక్కడుందో రాబట్టింది. ఏడు వాగుల అవతల గుహలో, రాగి బరిణెలో, తుమ్మెదై ఉంది. అది తెలుసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఏళ్ళు గడిచాక ఒక రాకుమారుడు వచ్చాడు. ఆమె చెబితే అతను వెళ్ళి తుమ్మెదను నలిపాడు. రాకాసి చచ్చాడు, పెళ్ళయింది.

పంతులమ్మ రాయడం ఆపి అడిగింది. "ప్రాణం ఎక్కడుందో కనుక్కున్నది ఆ పిల్లే కదా. మరి తనే ఎందుకు వెళ్ళలేదు?"

నాకు ఒళ్ళు మండింది. "కథ అంతే. మా అమ్మ అట్టానే చెప్పింది."

"మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?"

రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ నీళ్ళు తోడుతున్నా, పిడకలు చరుస్తున్నా అదే ఆలోచన. అన్నేళ్ళు ఆ పిల్ల కిటికీ దగ్గర ఏం చేసింది? నేను వందసార్లు చెప్పిన కథలో ఆ సంగతి నాకు తట్టలేదు. మూడో రోజు నేనే పోస్టాఫీసు వెనక గదికి వెళ్ళి, "తనే పోవచ్చునమ్మా. ఎట్టా పోద్దో చెప్పు" అన్నాను.

ఎనిమిదో తరగతిలో అప్పుడు ఆడపిల్లలు ఏడుగురు. వాళ్ళ గురించి ఆవిడ ఒక మాట అనేది. "పద్నాలుగేళ్ళ పిల్లలు చిన్నపిల్లల కథలకు పెద్దయిపోయారు, పెద్దవాళ్ళ పురాణాలకు ఇంకా చిన్నవాళ్ళు. వీళ్ళకంటూ ఎవరూ ఒక కథ చెప్పలేదు శాంతమ్మగారూ." శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి పాత కథలు తిరగ చెప్పేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముందుగా "ఈ కథ శాంతమ్మగారిది, నేను మార్చి చెబుతున్నాను" అనేది. ఒక్క వారం కూడా ఆ మాట మానలేదు. సవతితల్లి పెట్టిన బాధకు దానిమ్మచెట్టయిపోయిన పిల్ల కథలో, నేను చెప్పే చెట్టు పూలు కోసుకునేవాడి కోసం ఎదురుచూసేది. ఆవిడ చెప్పే చెట్టుకు తన పూలు ఎవరికివ్వాలో తనకే తెలుసు.

రాచపిల్ల కథ మాత్రం పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకునేవాళ్ళు. ఆవిడ చెప్పేదాంట్లో రాచపిల్ల ఏడు వాగులూ తనే దాటుతుంది. ఒక వాగులో గాజులు పోతాయి, ఒక వాగులో పట్టుచీరె పోతుంది. ఏడోది దాటేసరికి చూసినవాళ్ళు కూలిపిల్ల అనుకుంటారు. తుమ్మెదను నలపదు. బరిణె గుప్పిట్లో పట్టుకుని తిరిగి కోటకు వచ్చి, "తలుపులన్నీ తియ్యి" అంటుంది. లోపల ఇంకెంతమంది ఆడపిల్లలున్నారో అప్పుడు తెలుస్తుంది. అందరినీ తీసుకుని ఇంటికొస్తే తండ్రి మేళాలతో ఎదురొస్తాడు. ఆమె గడప బయటే నిలబడి, "నాయనా, నన్ను ఇచ్చేటప్పుడు నన్ను అడిగావా?" అంటుంది. పంతులమ్మ అక్కడ ఆపేసేది. రాజు ఏమన్నాడో పిల్లలే చెప్పాలి. ఏడుగురూ ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు.

ఆ ఏడుగురిలో ఒకతి ప్రెసిడెంటుగారి అమ్మాయి, సుగుణ. మరుసటి వేసవిలో ఆమెను మేనమామకు ఇవ్వాలని ముహూర్తం పెట్టారు. పిల్లకు పద్నాలుగు, అతనికి ముప్పై దాటాయి. తాంబూలాలు పుచ్చుకుంటుంటే ఆ పిల్ల పెద్దమనుషుల మధ్యకొచ్చి, "నాయనా, నన్ను అడిగావా?" అంది. చెంప పగిలింది. పదిహేను రోజుల్లో పెళ్ళయింది.

ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ సుగుణే. సంతాపసభకని పెదకూరపాడు నుంచి పుట్టింటికి వచ్చి, నిన్న మా గుమ్మంలో నిలబడి, "రాసేవాళ్ళు కావాలన్నావంటగా" అంది. చెంపదెబ్బ మాట దగ్గర కలం ఆపింది.

"ఇదీ రాయమంటావా శాంతమ్మా?"

"నీ చెంప గదా చిన్నమ్మగారూ, నీ ఇష్టం."

రాసింది.

పెళ్ళయిన వారానికి ప్రెసిడెంటుగారి గుమస్తా కాగితం పట్టుకుని కళ్లానికి వచ్చాడు. "ఏమే శాంతమ్మా, పంతులమ్మ నీ కథలు నరసరావుపేటలో అచ్చేయిస్తందంట. పుస్తకం మీద నీ పేరు కూడా పడాలంటే ఈడ వేలు ముద్దరెయ్యి" అన్నాడు.

పుస్తకం మీద నా పేరు! కళ్లంలో అందరూ చూస్తున్నారు. కోటమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. అప్పటికి గారూ అని పిలిపించుకునే పిచ్చి నాకు బాగా ఎక్కింది. చదివి వినిపించమని అడగలేదు. వేలికి అంటుకున్న మిరపపొడి చీరెకు తుడుచుకుని, ఒకటి కాదు, సరిగ్గా పడలేదని గుమస్తా అంటే రెండు ముద్రలు వేశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నన్ను స్కూలుకు పిలిపించారు. అక్కడ ఆ కాగితం చదివారు. పంతులమ్మ కూలి ఆడవాళ్ళ దగ్గర రాకాసి కథలు పోగుచేసి, వాటికి తప్పుడు ముగింపులు తగిలించి, ఈడొచ్చిన పిల్లలను కన్నవాళ్ళ మీదికి ఉసిగొల్పుతోందనీ, నా మనవరాలు కూడా అట్టాగే చెడిపోయిందనీ, విచారించి ఆమెను ఊరి నుంచి పంపించవలసిందనీ నేను అర్జీ పెట్టుకున్నానట. సాక్ష్యం కింద లాక్కున్న పంతులమ్మ నోటుబుక్కు ఆ అర్జీకి కుట్టి ఉంది.

"ఈ వేలిముద్ర నీదేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాదేనయ్యా, అయితే..."

"అడిగినదానికి జవాబు చెప్పవే" అన్నాడు ప్రెసిడెంటు. "పగలు కథలు చెప్పి మా బామ్మర్దిని దారి తప్పించబోయారు మీరిద్దరూ. నోరు మూసుకో."

పంతులమ్మ లేచింది. "అయ్యా, ముద్ర ఆమెదే. ఈ మాటలు ఆమెవి కావు. శాంతమ్మగారు ఇంత చప్పగా ఒక్క వాక్యం చెప్పడం నేనెప్పుడూ వినలేదు. పైగా ఆమెకు మనవరాళ్ళు లేరు" అంది.

నిజమే. అప్పటికి నాకు మనవడు గానీ మనవరాలు గానీ పుట్టలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, అది వేరే సంగతి అన్నాడు. ఆయనకు నరసరావుపేట బస్సు అందుకోవాలి.

అప్పుడు నేను గట్టిగా అరవవలసింది. అరవలేదు. ప్రెసిడెంటుగారి కళ్లంలో నాకింకా నెల పనుంది. నా మొగుడు అప్పటికే దగ్గుతో మంచంలో ఉన్నాడు. ఈ సాకులన్నీ నిజాలే. అయినా సాకులే. పది రోజుల్లో ఆవిణ్ణి నడికుడి అవతలి చిన్న బడికి పంపేశారు. అర్జీ, దానికి కుట్టిన నోటుబుక్కు స్కూలు బీరువాలోనే ఉండిపోయాయి.

రెండేళ్ళ తర్వాత, మొగుడు పోయాక, నేను నడికుడి వెళ్ళాను. ఆవిడ ప్లాట్‌ఫారం బెంచీ మీద నాతో కూర్చుంది. చిక్కిపోయింది. కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపి, "కథ ఏమన్నా తెచ్చారా?" అంది. ముందు నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. అప్పుడు ఒక మాట చెప్పింది.

"నేను నమ్మడం వేరు శాంతమ్మగారూ, కాగితం వేరు. మనిద్దరం పోయాక కూడా ఆ కాగితం అబద్ధం చెబుతూనే ఉంటుంది. దానికి జవాబు కాగితమే. ఎప్పుడైనా మీకు ధైర్యం వస్తే ఇవ్వండి. నేను తొందరపెట్టను."

ఇస్తానన్నాను. చానా ఏళ్ళు గడిచాయి. సాగర్ కాలవలు కూడా తవ్వారు. ఆవిడ తొందరపెట్టలేదు. నేను ఇవ్వలేదు. ఆవిడ బతికుండగా ఇవ్వలేదు. సంచికలో మిగతావాళ్ళు మంచి మాటలు రాస్తారు గనక, నేను ఇది రాయిస్తున్నాను.

పంతులమ్మ తనంతట తాను ఈ ఊరు వదల్లేదు. నా ముద్ర చూపించి వెళ్ళగొట్టారు. ఆ అర్జీ నాది కాదు. స్కూలు బీరువా తెరిచి, దాన్ని అందరి ముందూ చదవండి. దాంతో పాటు ఇదీ చదవండి. దాని వెనక కుట్టిన నోటుబుక్కు విప్పి, అందులోని కథలు ఆవిడ రాసినవి రాసినట్టు, ముగింపులు మార్చకుండా ఈ సంచికలో వేయండి. ఏ కథ ఎవరిదో ఆవిడే పైన రాసుకుని ఉంటుంది. అది చెరపకండి.

ఇంతదాకా చెప్పి సుగుణను అడిగాను. "నీకిద్దరు ఆడపిల్లలు గదా, ఆ కథ వాళ్ళకు చెప్పావా?"

"చెప్పాను. రాకుమారుడొచ్చేదాకా కిటికీ దగ్గరే కూర్చోబెట్టాను" అంది.

ఆమెను తప్పుబట్టే హక్కు నాకు లేదు.

రాసినదంతా సుగుణ ఒకసారి చదివి వినిపించింది. ఒకరు చదివితే నమ్మి ముద్ర వేసే రోజులు పోయాయి గనక, చర్చిలో బైబిలు చదివే మా అక్క కొడుకు దేవదానాన్ని పిలిచి, సుగుణను బయట కూర్చోబెట్టి, మళ్ళీ చదివించాను. రెండుసార్లూ ఒక్క మాట తేడా రాలేదు. అప్పుడు వేలు సిరాలో పెట్టాను.

సాక్షి సంతకం దగ్గర సుగుణ ఆగింది. "ఏ ఇంటిపేరు రాయను? మా నాయనదా, మా ఆయనదా? ఇది అచ్చయితే రెండిళ్ళలోనూ గడప తొక్కనివ్వరు."

"భయమైతే వద్దులే తల్లీ. దేవదానం చాలు" అన్నాను.

ఆమె కాగితం తనవైపు జరుపుకుంది. ఇంటిపేరు ఏదీ పెట్టకుండా, స్కూల్లో రాసినట్టు, తలకట్లు దిద్దుకుంటూ మూడక్షరాలూ విడివిడిగా రాసింది. రాసి, సిరా ఆరేదాకా దాని మీద మెల్లగా ఊదుతూ కూర్చుంది.

శాంతమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర. రెండుసార్లు విని, తెలిసి వేసినది.

సాక్షులు:
దేవదానం
సుగుణ