పైడమ్మత్త నూతిలో రైలు కూత

నా కోతలకి నవ్వని తెలుగువాడు ఖరగ్‌పూర్‌లో లేడు. వాటిలో ఒక్కదాన్ని మాత్రం ఏళ్లుగా మోస్తున్నాను. దింపుకోడానికి చోటు దొరకలేదు. మీరు కాస్త వింటారా?

ఇక్కడి తాల్‌బగీచా పేటలో మా పక్కింటి పైడమ్మత్త ఇడ్లీలమ్మేది. పిండికీ గిన్నెలకీ పెరటి నుయ్యే ఆధారం. వెనకవీధి ఐసు ఫ్యాక్టరీ వాళ్లు లోతుగా బోరు దింపినాక ఆ నుయ్యి ఎండింది. ఆవిడ కోర్టుకెక్కింది. తప్పు బోరుదా, ఎండలదా తేల్చమని కోర్టు ఒక భూగర్భజలాల నిపుణుణ్ణి పంపింది. బెంగాలీ పెద్దమనిషి. నూతిలోకి టేపు దింపి కొలిచినాడు. బోరు రాకముందు ఇది ఎప్పుడైనా ఎండిందా అని అడిగినాడు.

"నాది బజారు బెంగాలీ. కోర్టు బాబుతోటి నువ్వు సెప్పరా. మా మావ తవ్వించిన కాడ్నుంచీ ఒక్క ఏడూ ఎండనేదని సెప్పు," అని నాకు పురమాయించి అత్త టీ పెట్టడానికి లోపలికెళ్లింది.

చెప్పాల్సింది అంతే. ఒక్క ముక్క. కానీ ఎదురుగా కొత్త మనిషి, చదువుకున్నవాడు, నా కోతలు ఒక్కటీ విననివాడు. నా నాలుక ఊరుకుంటుందా? "ఎండకపోవడమేంటి దాదా! ఓ వేసవిలో మా తాత బాల్చీ కోసం దిగి, ఎండిన అడుగున చెవి పెడితే, అల్లంత దూరాన పూరీ గేటు కాడ రైలు కూత వినిపించింది!"

ఆయన పడీ పడీ నవ్వినాడు. కళ్లు తుడుచుకుని, "కూత సరే. ఎండడం నిజమేనా?" అన్నాడు.

అప్పుడైనా లేదనొచ్చు. అంటే ఆ నవ్వు ఆగిపోతుంది. "నిజమే దాదా," అన్నాను. భయపడ్డానా? లేదే. ఎవరైనా బలవంతపెట్టారా? లేదు. ఒక మనిషి నీళ్లని ఒక నవ్వుకి అమ్ముకున్నానా?

పాత వేసవుల్లోనూ ఎండేదని ఇరుగుపొరుగు చెప్పారు, బోరే కారణమనలేం అని ఆయన రాసినాడు. కేసు పోయింది. ఇడ్లీ బండి ఆగింది. ఐసువాళ్ల మనిషెవడో అలా చెప్పుంటాడని అత్త తిట్టిపోసింది. పక్కన నిలబడి నేనూ తిట్టినాను.

పోయిన నెల, వీధి కుళాయి దగ్గర, ఆవిడకే చెప్పేసినాను. నిండిన బిందె కింద పెట్టింది. ఆనక, "ఏటి సెప్పినావో సెప్పు. అంతా సెప్పు," అంది. చెప్పినాను. తాత, బాల్చీ, కూత.

ఆవిడ నవ్వలేదు. "మీ తాత ఏనాడూ మా నూతిలో దిగనేదురా," అంది. బిందె నేను ఎత్తబోతే నా చెయ్యి పడనివ్వలేదు.

ఇప్పుడు మీకూ చెప్పినాను. ఆ నుయ్యి నిండదు. నా గుండె మాత్రం కాస్త తేలికపడింది. అదీ సిగ్గుగానే ఉంది.