ఇంటూ గుర్తును నిలబెట్టిన మేడమ్

మా మేడమ్ పోయిన వార్త మంగళవారం ఉదయం ఆఫీసు గ్రూపులో వచ్చింది. అప్పుడు మేమంతా నిలబడి ఆ రోజు ఎవరి పని ఏమిటో చెప్పుకుంటున్నాం. ఒక్క వాక్యం. దాని కింద నమస్కారం పెట్టే చేతుల బొమ్మలు ఒక్కొక్క జతే ఎగిరి వచ్చి, రెండుసార్లు గెంతి నిలబడ్డాయి. ఎన్ని జతలో, అన్నీ గెంతేవే. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చావు కబురు కింద చేతులు గెంతడమేమిటి? ఆ మాట అడగగలిగిన మనిషి మా అంతస్తులో ఒక్కరే ఉండేవారు. ఆ కబురు ఆవిడదే.

మా పని చాలామందికి తెలియదు. ఫోన్‌లో మీరొక గుర్తును ముట్టుకుంటే అది ఉబ్బుతుంది, తిరుగుతుంది, మూడు గీతలున్నది ఇంటూ గుర్తుగా మారుతుంది. ఆ కదలికలు తయారుచేసేవాళ్లం మేము. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం, తొమ్మిదో అంతస్తు. మేడమ్ మా టీమ్ లీడ్. యాభై దాటిన మనిషి, మా అందరిలో పెద్ద. కాకినాడ వైపు వారు. ఒకప్పుడు బడిపిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసేవారట. ప్రగతి నగర్ నుంచి బస్సులో వచ్చేవారు, కూర్చునే చోటు దొరికితే ఆ రోజు మా అందరికీ చెప్పేవారు. నిన్న చేరిన వాళ్లను కూడా అండీ అనే పిలిచేవారు.

నేను చేరిన రోజే కంపెనీ నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టింది. రెండేళ్లు పనిచేస్తేనే తిరిగిస్తారు. సంతకం పెట్టింది నేనే, పెట్టక తప్పక. హెచ్చార్ గది అద్దంలోంచి ఆ బీరువా కనబడుతుంది. మంచినీళ్లకు వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి పళ్లు నూరుకునేదాన్ని. నా సంచిలో ఎప్పుడూ నాలుగైదు కరపత్రాలుండేవి, లోకం గురించి నాకు తెలిసిందంతా వాటిలోంచి తెలిసిందే. మొదటి వారంలోనే సొంతంగా ఒకటి రాసి మేడమ్ చేతిలో పెట్టాను. భోజనాల వేళ మొత్తం చదివి, మడతలు చెడకుండా తిరిగిచ్చారు.

“బాగుందండి. కానీ ఇందులో అందరూ ప్రజలే. ఒక్క మనిషీ కనబడలేదు.”

ఆ సాయంత్రం దాకా ఆవిడతో మాట్లాడలేదు నేను.

కదలిక ఎక్కడ నెమ్మదించాలో నేర్పడానికి ఆవిడ చేతిగాజు తీసి బల్ల మీద దొర్లించేవారు. అది కొంత దూరం పోయి, తడబడి, చుట్టూ తిరిగి ఒరిగి పడుకునేది. బొమ్మ కూడా అంతే ఆగాలనీ, అంతకు మించి గెంతితే నన్ను చూడు నన్ను చూడు అని మారాం చేస్తున్నట్టేననీ అనేవారు. మూడు గీతలను ఇంటూగా మార్చే చిన్న పని నాతో ఎనిమిది రోజులు చేయించారు. ఎవరికైనా చూపించేటప్పుడు నన్ను తెరను చూడనిచ్చేవారు కాదు, వాళ్ల వేలిని చూడమనేవారు. వేలు తడుముకుంటే తప్పు బొమ్మది, మనిషిది కాదు. లోపలికి రమ్మన్నవాడు బయటికి దారి కూడా చూపించాలి, అదే ఇంటూ గుర్తు పని. విసుగుతో విన్నాను ఇవన్నీ. ఈ చిన్న గీతల మర్యాదల్లో పడి లోకాన్ని మరిచిపోయారని అనుకునేదాన్ని.

నిరుడు డెలివరీ వాళ్లు వాడే యాప్ ఒకటి మాకు వచ్చింది. ఆర్డర్ రాగానే తెర మీద ఒక వలయం చిన్నదవుతూ పోతుంది. అది పూర్తిగా మూసుకుపోయేలోగా పచ్చ గుర్తు నొక్కి ఒప్పుకోవాలి, లేదా ఇంటూ నొక్కి వద్దనాలి. వద్దనేవాళ్లు తగ్గాలని యాప్ కంపెనీ వాళ్లు కోరారు. కదలికలతోనే తగ్గించాలట. నాకు ఒళ్లు మండిపోయింది. వెటకారంగా ఒకటి తయారుచేశాను. వలయం ఎర్రబడి ఉరితాడులా బిగుస్తుంది. పచ్చ గుర్తు తెరంతా ఉబ్బుతుంది. ఇంటూ గుర్తేమో ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెడుతుంది. మేడమ్‌కు చూపకుండానే పంపించేశాను. కంపెనీ వాళ్లు చూసి సిగ్గుపడతారనుకున్నాను. మర్నాడు జవాబొచ్చింది. చాలా నచ్చిందట, ఇదే ఖాయం చేయమన్నారు.

నేను విసిరిన రాయిని వాళ్లు ఏరుకుని గోడ కట్టుకున్నారు.

మేడమ్‌తో చెప్పాను. తిట్టలేదు. ఫోన్ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని కింద టీ కొట్టుకు దిగారు. అక్కడెప్పుడూ నలుగురైదుగురు డెలివరీ వాళ్లు బండ్ల మీద కూర్చుని ఉంటారు. నలభై ఏళ్లాయన ఒకరికి ఫోన్ ఇచ్చి, నార్సింగికి ఆర్డరొచ్చింది, మీకు వీలుకాదు, వద్దనండి అన్నారు. ఆయన బొటనవేలు ఇంటూ కోసం మూడుసార్లు వెళ్లింది. మూడోసారి పచ్చ గుర్తు మీద పడింది. మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు.

“ఏంది మేడమ్ గిది, గింతగనం ఉరుకుతది? పాపను బడి కాడ ఎక్కించుకునే టైముకు నార్సింగి ఆర్డరొస్తే వద్దనాలె కద. గిది చేసినోళ్లకు జర చెప్పుండ్రి, బండి మీదున్నప్పుడు మాకు బ్రేకు మీద ఒక చెయ్యి కావాలె.”

చేసినోళ్లు పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మూడో రోజు యాప్ కంపెనీతో కాల్. పంపినదానిలో తప్పుందని, లీడ్‌గా ఆ తప్పు తనదేనని మేడమ్ చెప్పారు. నా పేరు ఎత్తలేదు. నిదానంగా, మాట మాట కూడబలుక్కుంటూ గంటసేపు వాదించారు. చివరికి వాళ్లు ఒక్కటి ఒప్పుకున్నారు, ఇంటూ గుర్తు ఒకచోట కదలకుండా ఉంటుంది. ఎర్ర వలయం అలాగే, ఉబ్బే పచ్చ గుర్తు అలాగే. ఆ నెలలోనే లీడ్ పని ఇంకొకరికి ఇచ్చి, ఆవిడను మూల సీటుకు మార్చారు.

నేను ఆ సీటు దగ్గరికి వెళ్లి, దీన్ని లొంగిపోవడమంటారు మేడమ్ అన్నాను.

“సగమే ఆగిందండి. మిగతాది నా వల్ల కాలేదు.”

ఇంకేమన్నా అని ఉంటే వాదించేదాన్ని. అప్పటినుంచి పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడ ఆపరేషన్‌కని సెలవు పెట్టారు. ఎలా ఉన్నారని రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. చిన్నదాన్ని నేనే ముందు తగ్గాలా అని పంతం. ఎవరి దగ్గర చూపించాల్సిన పంతాన్ని ఎవరి మీద చూపించానో ఇప్పుడు తెలుస్తోంది, తెలిసి లాభం లేదు.

కబురు వచ్చిన మర్నాడు ప్రగతి నగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. భర్త ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయిన మనిషి. నన్ను కూర్చోమని, కరపత్రాల అమ్మాయి మీరేనా అండి అని అడిగారు. తల ఊపాను.

“ఆ కాల్‌కి ముందు రెండు రోజులు అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో వల్లె వేసిందండి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి తప్పులు దిద్దమనేది. ఉద్యోగం పోతుందేమోనని భయపడేది. ఎందుకొచ్చిన గొడవ, వదిలేయవే అంటే, బడి దగ్గర ఒక పాప నిలబడి ఉందండీ అనేది. ఎవరి పాప అంటే చెప్పేది కాదు.”

నా కరపత్రాల్లో ఎక్కడా లేని పాప.

ఆ తర్వాతి సోమవారం యాప్ కంపెనీ నుంచి కబురొచ్చింది. మీ దగ్గర ఇప్పుడు లీడ్ మారారు కదా, ఇంటూ గుర్తును మళ్లీ కదిలించండి అని. పని నాకే అప్పజెప్పారు. బీరువాలోంచి నా కాగితాలు రావడానికి ఇంకా పదకొండు నెలలుంది. గంటలో ఎర్రటి కరపత్రం ఒకటి రాయగలను, నాకు చేతనైంది అదే. కానీ కాల్‌లో నాలుగు ముక్కలే చెప్పాను, అరవకుండా. పరుగెత్తే గుర్తు చేసింది నేను. కోపంలో చేశాను, అది తప్పు. దాన్ని మళ్లీ కదిలించను. బండి నడిపే మనిషికి బ్రేకు మీద ఒక చెయ్యి కావాలి.

అవతల అందరూ మ్యూట్‌లోకి వెళ్లారు. మా కొత్త లీడ్ నా వైపు చూడకుండా పెన్ను మూత తీసి పెడుతున్నాడు. గోడ మీది పెద్ద తెరపై వలయం చిన్నదవుతోంది, మూసుకుపోతోంది, మళ్లీ మొదటినుంచీ. అప్పుడే పైనుంచి అద్దాలు తుడిచే మనిషి తాడు మీద దిగుతూ మా కిటికీ బయట ఆగాడు. నడుముకు బకెట్, నెత్తిన పసుప్పచ్చ టోపీ. తుడవడం ఆపి ఆ వలయాన్ని చూశాడు, తర్వాత నన్ను. గాలికి తాడు ఊగింది. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, రెండో చేత్తో నురగను నెమ్మదిగా కిందికి లాగాడు.