బడి వరండాలో మా అత్త అనుమానాలు

మొన్న మా మనవరాలు నన్ను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హాలుకి వెంటబెట్టుకుపోయింది. లోపల ఆడా మగా చెప్పులు విప్పేసి, గుండ్రంగా తిరుగుతూ, చేతులు చాస్తూ, వంగుతూ లేస్తూ, అడుగుకొక వింత శబ్దం గొంతులోంచి వదులుతున్నారు. గొంతునీ ఒంటినీ కలిపి కదిలించడం నేర్పుతారట, నేర్పే ఆవిడ మెయిన్‌లాండ్ నుంచి వచ్చిందట. ఈవిడకి మా పిల్లతో ఏం పని, ఇందులో మతలబు ఏమిటని గోడవార కుర్చీలో కూర్చుని కళ్ళు చిట్లించి చూస్తుంటే, అచ్చం ఇలాగే చూసిన మా అత్త గుర్తొచ్చింది.

పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం తీరం వదిలి, ఓడెక్కి ఈ దీవుల్లోనే ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో దిగాను. జెట్టీకి దిగువన చేపలు పట్టే మా వాళ్ళ ఇళ్ళు, పైన మెరక మీద కోస్తా జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవుల ఇళ్ళు. రెండు చోట్లా తెలుగే అయినా రాకపోకలు తక్కువ. నా ఈడువాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది, బజారులో ఎదురుపడితే, ఎక్కడ దగ్గరితనం ఒప్పుకున్నట్టవుతుందోనని కాబోలు, హిందీలో పలకరించుకునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మెరక మీది పాస్టరు గారి అక్క, భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి ఉంటున్నావిడ, తెలుగు ఆడవాళ్ళందరినీ గురువారం మధ్యాహ్నం బడి వరండాకి రమ్మని ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. గుండ్రంగా నడవాలి, అడుగు పడ్డప్పుడల్లా ఏ శబ్దం వస్తే అది వదలాలి. పాట వద్దు, మాట వద్దు, దేవుడి పేరు అసలే వద్దు. ఎందుకని అడిగితే, ఎందుకూ లేదమ్మా, ఇంత దూరం వచ్చి నోళ్ళు మూసుకుని బతుకుతున్నాం కదా అంది.

ఆ ‘ఎందుకూ లేదు’ అన్న మాటతోనే మా అత్తకి అనుమానం పట్టుకుంది.

“ఊరికే ముఫత్‌లో ఎవులైనా పిలుస్తారేటే? ముందు మన మాట మానిపించీసి, ఆనక ఆల్ల మాట పెడతారు, సూస్తుండు” అంది.

మెరక మీది సంఘపెద్దల అనుమానం ఇంకో రకం. కిందివాళ్ళ అమ్మవారి పూనకం తమ ఆడవాళ్ళకి అంటుకుంటుందని వాళ్ళ భయం. గుట్టు కనిపెట్టడానికి మా అత్త నన్ను వెంటేసుకుని బయలుదేరితే, పైనుంచి ఒక సంఘపెద్ద భార్య కూడా ఆ పనిమీదే వచ్చింది. ఇద్దరూ చెరో స్తంభానికి ఆనుకుని, మమ్మల్ని కాసేపు, ఒకరినొకరు కాసేపు చూసుకునేవారు.

తొలిరోజు నాకు నోరు పెగల్లేదు. అత్తింట్లో గొంతెత్తే అలవాటు లేదు, నా గొంతు ఎలా ఉంటుందో నేనే మరిచిపోయాను. రేకుల మీద వాన పడుతుంటే ఆ చప్పుడు చాటున మెల్లగా మూలిగాను, తర్వాత పక్కామె అడుగుతో నా అడుగు కలిసింది, కొన్ని వారాలకి గురువారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడసాగాను.

ఒక గురువారం, నడుస్తూ నడుస్తూ, నాకు తెలియకుండానే రెండు చేతులూ వెనక్కి లాగుతూ, మా నాన్న వాళ్ళు వల లాగేటప్పుడు ఎత్తుకునే కేక ఎత్తుకున్నాను. మెరక మీది వాళ్ళు కూడా నాతోపాటు వంగి లాగారు. అంతమంది ఒక్క గొంతుతో లాగుతుంటే చేతుల్లో నిజంగా బరువు తెలిసింది. మా అత్త స్తంభం వదిలి వచ్చి నా రెక్క పట్టుకుంది.

“మగోల్లు సముద్రం మీద ఉంటే ఒడ్డున వల కేక ఏస్తావేటే? నీకు బుద్ధి నేదా?”

అలా కేక వేస్తే సముద్రం మీద ఉన్నవాళ్ళకి కీడని మా వీధిలో నమ్మకం ఉందని నాకు తెలియదు. ఆరోజే, మధ్యాహ్నానికి రావలసిన మా ఆయన డోంగీ, ఆ చిన్న చెక్కపడవ, సాయంత్రమైనా రాలేదు. పెద్ద గాలివాన లేచింది. ఒడ్డున నిలబడ్డ మా వీధంతా సముద్రాన్ని వదిలి నన్నే చూసింది.

అంతలో పాస్టరు గారి అక్క, వెనకాల మెరక మీది ఆడవాళ్ళు, తడుస్తూ దిగివచ్చారు. ఇప్పుడెందుకు వచ్చారని మా వాళ్ళు గుసగుసలాడారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇసకలో అడుగు వేసి గొంతు విప్పింది. మళ్ళీ కీడవుతుందేమోనని నేను వెనక్కి జరిగాను. అప్పుడు నా రెండో చెయ్యి పట్టుకుని వల కేక ఎత్తుకున్నది మా అత్తే.

“ఒకపాలి ఏసీసినావు కదా, ఇంక ఆగితే ఏటి లాభం? గట్టిగా లాగు!” అని నామీద అరిచింది.

కిందివాళ్ళూ పైవాళ్ళూ ఒక వరసలో వంగి, కనబడని వలని లాగుతూ కేకలు వేశాం. చీకటి పడకముందే డోంగీ వచ్చింది. తెరచాప చిరిగితే మడ చెట్ల మధ్య పాయలో, ఒక క్రీక్‌లో తలదాచుకున్నామని, కేకలు గీకలు ఏవీ వినలేదని మా ఆయన అన్నాడు. మా అత్త నమ్మలేదు. విని కూడా, పెళ్ళాం గొంతు విని వచ్చాడంటారని దాస్తున్నాడని, తను పోయేదాకా కొడుకుని అనుమానిస్తూనే ఉంది.

ఆ తర్వాత గురువారం నుంచి మా అత్త స్తంభం దగ్గర నిలబడలేదు, మొహం మాత్రం అలాగే ముడుచుకుని వరసలోకి వచ్చింది. సంఘపెద్ద భార్య కూడా, మా అత్త మీద ఓ కన్నేసి ఉంచడానికే అంటూ, ఆవిడ వెనకే నడిచేది. పాస్టరు గారి అక్క మెయిన్‌లాండ్ వెళ్ళిపోయేదాకా అది సాగింది. ఆవిడ అసలు ఎందుకు పిలిచిందో మాకెవరికీ చివరిదాకా తేలలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరు ఎవరింటికి వచ్చినా ఏమిటని అడిగేవాళ్ళు లేరు. మా పై వాటాలో కొత్త కాపురం దిగి నెలలైంది, వాళ్ళది ఏ ఊరో, ఏ భాష వాళ్ళో నాకు తెలియదు. మా అత్త ఉంటే మొదటిరోజే గుమ్మంలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేది. వాళ్ళకి కోపం వచ్చేది, మాటా మాటా పెరిగేది, నాలుగు రోజులకి ఒకరి గొంతు ఒకరికి తెలిసిపోయేది.