ముహూర్తానికి కొయ్యని ఊరు

మా శాఖ సమావేశాలంటే నాకు మొదటి నుంచీ పెద్ద గౌరవం లేదు. ప్రసూతి వైద్యుల జాతీయ సంఘం పేరుకు చాలా పెద్దది. మహానగరాల్లో సభలు, పట్టుచీరలు, మెడలో వేలాడే కార్డులు. మహబూబ్‌నగర్ దాకా వచ్చేసరికి అదే సంఘం హోటల్ పైఅంతస్తులో ఒక హాలు, మందుల కంపెనీ పెట్టే బిర్యానీ, ఎప్పుడు లేస్తామా అని గడియారం చూసుకునే పదిహేను మంది డాక్టర్లం. అందరం ఒకే ఊళ్ళో దవాఖానలు పెట్టుకున్నవాళ్ళం. పైకి నవ్వుకుంటాం, లోపల ఒకరి పేషెంట్ల మీద ఒకరికి కన్ను.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకు సంఘం నుంచి కబురొచ్చింది. ఆ ఏడు ప్రతి శాఖా తన ఊళ్ళో ఒక్క చెడ్డ అలవాటునైనా మాన్పించాలట. ఎవరో రక్తహీనత మీద ఉపన్యాసాలు పెడదామన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి, "ముహూర్తపు కోతలు మానేద్దాం" అన్నాను.

తెలియనివాళ్ళకు చెప్పాలి. తల్లి బాగుంటుంది, కడుపులో బిడ్డ బాగుంటుంది, నొప్పులకింకా సమయం ఉంటుంది. అయినా ఇంటివాళ్ళు అయ్యగారి దగ్గర నక్షత్రం, గడియ రాయించుకొస్తారు. ఆ గడియకు పొట్ట కోసి బిడ్డను తియ్యాలి. మనం కాదంటే పక్క దవాఖానకు పోతారు, అక్కడ చేస్తారు. ఆ భయంతోనే ఇష్టం లేకున్నా అందరం చేసేవాళ్ళం. "అందరం ఒక్కసారే కాదంటే ఎక్కడికి పోతారు?" అని అడిగాను. అవసరమైతే నిమిషాల మీద కోద్దాం, గడియ కోసం మాత్రం కత్తి పట్టొద్దు. తింటున్న చేతులే ఎత్తి అందరూ సరే అన్నారు.

మా దవాఖానకు ఎదురుగా ఉన్న దవాఖాన డాక్టరమ్మ మాత్రం చివరి కుర్చీలోంచి, "ఎవరు ముందుగల జారుతరో సూద్దాం" అంది. ఆమెకూ నాకూ మాటల్లేక చాలా ఏళ్ళు. నా నర్సును ఆమె లాక్కుందని నేనంటాను, నర్సు తనంతట తానే వచ్చిందని ఆమె అంటుంది. ముందు జారేది ఈమేనని నేను మనసులో గట్టిగా అనుకున్నాను. నల్గొండ శాఖవాళ్ళు సంగతి విని, దసరా దాకా కూడా మీరు ఆగరని ఫోన్లోనే పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

దసరా ఇంకా రానే లేదు, కోస్గి నుంచి మా వదిన వచ్చింది.

అన్న కారు నడుపుకుంటూ తెచ్చాడు. వెంట నా మేనకోడలు, దాని అత్తగారు. తొలిచూలు. మొదటి నుంచీ నేనే చూస్తున్నాను. బిడ్డ తల కిందికి తిరిగి ఉంది, వంక పెట్టడానికి ఏమీ లేదు.

"డాక్టరమ్మా, గీ గురువారం పొద్దుగాల మంచి గడియ ఉందంట. వియ్యంపురాలు అయ్యగారిని అడిగొచ్చింది. జర పిల్లకు ఆపరేషన్ చెయ్యి" అంది వదిన.

"నొప్పులు రానియ్యి వదినా. పిల్ల మంచిగుంది. గడియ కోసం నేను కొయ్య."

"సొంత మేనత్తవు, నువ్వే గిట్లంటె ఎట్ల? బయటోళ్ళకు జేసినవు గదా ఇన్నొద్దులు!"

"బయటోళ్ళకు బందువెట్టినం. ఇంటోళ్ళకు జేస్తె రేపు ఊరోళ్ళకు ఏం మొఖం వెట్టుకొని చెప్పాలె?"

"మా పిల్ల కన్న నీకు నీ సంఘం ఎక్కువైంది!" అని వదిన విసురుగా లేచింది. పిల్ల నా వైపు చూసుకుంటూ వాళ్ళ వెనకాలే పోయింది.

ఆ మాట నన్ను చాలా కాల్చింది. ఆ పిల్ల ఇంటర్ చదివింది నా ఇంట్లోనే, తలకు నూనె పెట్టింది నేనే. ఇప్పుడు నా మీది కోపంతో ఎక్కడికో తీసుకుపోయి కోయిస్తారు. పిల్ల పొట్ట మీద అక్కర్లేని గాటు పడుతుంది, మేమనుకున్న మాట మట్టిలో కలుస్తుంది. అందరికీ ఫోన్ చేసి బతిమాలాలని చెయ్యి లాగింది. కానీ బతిమాలితే నిలబడేది మాట ఎట్లా అవుతుంది? ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి పేషెంట్లను పిలిచాను.

కాసేపటికి మా శాఖలోని స్టేషన్ రోడ్డు డాక్టరమ్మే ఫోన్ చేసింది. "మీ వదిన వాళ్ళొచ్చిన్రు. చెయ్యనని చెప్పి పంపిన." తర్వాత న్యూటౌన్ నుంచి ఇంకొకామె, అదే మాట. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో కిటికీలోంచి చూద్దును కదా, అన్న కారు ఎదురు దవాఖాన గేటులోకి తిరుగుతోంది.

చాలాసేపు వాళ్ళు బయటికి రాలేదు. నేను ఒకామెకు బీపీ చూసి, అంకె మర్చిపోయి, మళ్ళీ చూశాను. ఇక అయిపోయింది, నల్గొండవాళ్ళు నవ్వనే నవ్వుతారు అనుకున్నాను.

సాయంత్రం ఎదురు డాక్టరమ్మ నుంచి ఫోన్. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"మీ వదిన మస్తు ఏడ్చింది. నేనైతే కొయ్యనన్న. అందరిని బయటికి పంపి పిల్లను అడిగిన, నీకేం గావాలె బిడ్డా అని. కోత వద్దంటాంది. గా ముచ్చట ఇంతదనుక ఆమెను ఒక్కరు గూడ అడగలేదంట. నువ్వు గూడ."

నిజమే, నేనూ అడగలేదు.

పిల్ల బయటికి వచ్చి తండ్రికీ అదే చెప్పిందట. మా అన్న మాట తక్కువ మనిషి. "పిల్ల వద్దంటాంది. ఇగ బందు" అన్నాడట. హైదరాబాద్ పోదామని వియ్యంపురాలు ఎంత గునిసినా కారు తాళం జేబులోంచి తియ్యలేదట. వదిన కోపం మాత్రం చల్లారలేదు. కాన్పు ఆడబిడ్డ దగ్గర వద్దు, ఎదురు దవాఖానలోనే అంది. అట్లాగే కానిమ్మన్నాను.

గురువారం వచ్చింది, పోయింది. ఆ మరుసటి వారం ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "రా. ఇగ ఆలస్యం లేదు" అంది ఎదురు డాక్టరమ్మ. ఓపీ అట్లాగే వదిలి రోడ్డు దాటాను.

పిల్ల నా మణికట్టు పట్టుకుని గోళ్ళు దించింది. "అత్తా, నాతోని గాదు!"

"ఐతది బిడ్డా. ఇంకొక్కసారి, గట్టిగ ముక్కు!"

డాక్టరమ్మ చేతుల్లోకి జారింది బిడ్డ. ఆడపిల్ల. గొంతు విప్పి ఏడ్చింది చూడండి, వరండాలో ఉన్న మా అన్న లేచి నిలబడ్డాడట. ఇన్ని కాన్పులు చేసినదాన్ని, ఆ రోజు సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను. వదిన బిడ్డను ఒళ్ళోకి తీసుకుని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వియ్యంపురాలు పుట్టిన వేళ చెప్పడానికి అయ్యగారికి ఫోన్ చేస్తే, ఇది కూడా మంచి నక్షత్రమేనన్నాడట ఆయన.

చేతులు కడుక్కుని డాక్టరమ్మా నేనూ ఆమె గదిలో చాయ్ తాగాం. నర్సు సంగతి ఎవ్వరం ఎత్తలేదు.

"నువ్వే ముందుగల జారుతవనుకున్న" అన్నాను.

"నేను నువ్వనుకున్న. సొంత పిల్లాయె" అంది ఆమె.

కొన్ని రోజులకు నా ఓపీకి ఒక కుటుంబం వచ్చింది. నిండు చూలాలు, భర్త, పండు ముసలి అవ్వ. భర్త జేబులోంచి అయ్యగారి చీటీ తీస్తుంటే నేను చీర సవరించుకుని వాదనకు సిద్ధమయ్యాను. నేను నోరు తెరిచే లోపే అవ్వ మనవడి చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"లోపల వెట్టు గది. సొంత మేనకోడలినే కొయ్యలేదంట గీమె, నీ పెండ్లాన్ని కోస్తదా? తల్లీ, నువ్వు పిల్లను సూడు. నొప్పులొచ్చినంకనే తోలుకొస్తం."