తాహేరా ఆపా క్లాసుకు నేను కొట్టిన హారన్

తప్పు నాదే, ముందే చెప్పేస్తున్నాను. మక్తల్ బస్టాండు వెనక సందులో తాహేరా ఆపా, అంటే తాహేరా అక్క, ఆడపిల్లలకు ఇంగ్లిష్ చెప్పే గది ఖాళీ అయిందంటే నావల్లే. నా పేరు సాల్మన్. ఆ గది కిందే నా మొబైల్ రిపేరు దుకాణం. డిగ్రీ మధ్యలో వదిలేసి కూర్చున్నప్పుడు పైనుంచి ఆపా గొంతు వినబడేది. స్క్రూలు తిప్పుతూ అట్లానే కాస్త ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఫీజు మాత్రం ఏనాడూ కట్టలేదు.

ఆపా పాఠం చెప్పే తీరే వేరు. కుర్చీలన్నీ బస్సులాగా వేయిస్తుంది. ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో మాట రాసిన అట్టముక్క. ఆపా కండక్టరు, నోట్లో విజిల్. పని చెప్పే మాట డ్రైవరు. ఐ డ్రింక్ టీ అంటే డ్రింక్ డ్రైవరు, టీ స్టీరింగు. ఆల్వేస్, నెవర్, ఆఫెన్ అనేవి డ్రైవరుతో ముచ్చట పెట్టే రకం, అవి ముందున్న బానెట్ మీదికి ఎక్కాలి. స్లోలీ, వెల్, యెస్టర్‌డే లాంటివి వెనక సీట్లోకి పోవాలి. ఈజ్, ఆర్ మాత్రం డ్రైవర్లు కాదు, బండి ఓనర్లు. వాళ్లకంటే ముందు ఆల్వేస్ కూడా కూర్చోదు, వెనకే సర్దుకోవాలి. షి ఈజ్ ఆల్వేస్ లేట్. అందరికంటే పెద్ద రూలు ఒకటి: డ్రైవరుకూ స్టీరింగుకూ మధ్య ఎవ్వరూ కూర్చోకూడదు.

ఒకరోజు హిబా అనే పిల్ల వెరీ వెల్ అట్ట పట్టుకుని కావాలనే ఆ మధ్యలో దూరింది. షి స్పీక్స్ వెరీ వెల్ ఇంగ్లిష్ అయింది వాక్యం. ఆపా విజిల్ ఊది, "దిగు దిగు, గీడ కూసుంటె బండి ఎట్ల నడుస్తది?" అని చేయి పట్టి లాగింది. గది మొత్తం నవ్వు. నేను మెట్ల మీద నిలబడి, కిటికీ సందులోంచి ఫోన్ పెట్టి అదంతా తీశాను. ముఖాలు పడలేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. వెనక బస్సు హారన్ మోత కలిపి రీలు చేసి వదిలాను. నిజానికి ఆపా అంటే ఇష్టంతోనే చేశాను. కానీ తెల్లారేసరికి ఊళ్లో పోరగాళ్లు ఆమెను చూసి విజిల్ వేయడం మొదలుపెట్టారు. ఆమెకు కండక్టరమ్మ అని పేరు పెట్టారు.

ముఖాలు లేకపోతేనేం, ఎవరి నవ్వు ఎవరిదో ఇంట్లోవాళ్లకు తెలియదా. ఆ వారంలోనే పిల్లలు రావడం మానేశారు. ఆ తల్లిదండ్రులు ఆడపిల్లల్ని పంపింది ఒకే ఒక్క షరతు మీద: ఆ గదిలో ఫోన్ ఉండదు, ఫొటో ఉండదు. ఇంటింటికీ తిరిగి ఆ మాట ఇచ్చింది ఆపానే. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ, సరదా ముందు గుర్తు రాలేదు.

రీలు తీసేశాను. పల్లీల వ్యాపారం చేసే ఖలీద్ చాచా దగ్గరికి పోయాను, హిబా వాళ్ల నాన్న. నర్సింగ్ చదవాలని ఆ పిల్ల ఆశ. తప్పు నాది, ఆపాకు ఏమీ తెలియదు అని చెప్పుకున్నాను. తిడతాడనుకుంటే చాచా తలెత్తి కూడా చూడలేదు.

"నిన్నేమంటంరా, నీ కోతి చేష్టలు అందరికెర్కే. ఆపా మాటిచ్చిందని పంపిన. గా మాట పాయె."

పాడైంది ఆమె మాట, పాడుచేసింది నేను. నేను పోయి ఎన్ని ఇళ్లలో కాళ్లు పట్టుకున్నా అది బాగయ్యేది కాదు.

తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర ఆపా తండ్రి నూరుద్దీన్ తాత కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు స్టవ్వులు బాగుచేసేవాడు. ఆయనే చెప్పాడు. ఉర్దూ మీడియంలో చదివిన ఆపా, ఎన్నడో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు పోయిందట. హిబా ఆట కోసం చేసిన తప్పునే ఆనాడు ఆమె నిజంగా చేసిందట, ఐ స్పీక్ వెరీ వెల్ ఇంగ్లిష్ అన్నదట. గదిలో అందరూ నవ్వారట. మళ్లీ ఏ పిల్లనూ చూసి అట్లా ఎవరూ నవ్వకూడదనే ఆ బస్సు కనిపెట్టింది. దానికి నేను హారన్ కొట్టి ఊరంతటినీ నవ్వించాను.

పైకి పోతే ఆపా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఎంతమంది చూశారని మాత్రం అడిగింది.

మర్నాటి నుంచి బుర్ఖా వేసుకుని ఎండలో ఒక్కతే మళ్లీ ఇంటింటికీ తిరిగింది. నేను తోడొస్తానంటే వద్దంది. కొందరు పిల్లలు వచ్చారు. హిబా రాలేదు. అందుకని ఆపానే రోజూ సాయంత్రం చాచా ఇంటికి పోతుంది. తలుపు దగ్గర పరదా, పరదా అవతల పల్లీలు జల్లెడ పడుతూ చాచా. ఇవతల ఆపా, హిబా, ఇద్దరు మనుషుల బస్సు. విజిల్ మాత్రం లేదు. ఇప్పుడు నోటితోనే మెల్లగా, దిగు అంటుంది.

మొన్న ఆపా దుకాణం ముందు నుంచి పోతుంటే ఆపి, మీ గురించి మంచిగా రాసి పత్రికకు పంపుతాను, జనం దృష్టిలో మీ పేరు మళ్లీ నిలబడుతుంది అన్నాను.

ఆపా నావైపు తిరిగింది.

"నవ్వించనీకె పెట్టినప్పుడు నన్నడగకపోతివి, గిప్పుడు పొగడనీకె అడుగుతున్నవ్. రాయి. జనం నన్ను సూసి కాదు, నిన్ను సూసి నవ్వేటట్టు రాయి."