ఈశ్వరక్క బండికి క్రాంక్ సెన్సారు

కరోనా పోయాక వచ్చిన రెండో ఎండాకాలం. అప్పుడు నేను కర్నూలులో ఒక కార్ల షెడ్డులో హెడ్ మిస్త్రీని. హెడ్ మిస్త్రీ అంటే బండి రోగం తేల్చేవాడు, ఏ సామాను వేయాలో చెప్పేవాడు, పని అయ్యాక తానే నడిపి చూసి తాళం చేతికిచ్చేవాడు. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. చూసిన బండిని మాత్రం మరిచిపోను.

బనగానపల్లె నుంచి ఓబులరెడ్డిగారు తన పాత కారు తెచ్చారు. మామిడి తోట ఉన్న రైతు. ఆయన భార్య ఈశ్వరమ్మకు రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి డయాలసిస్‌కు ఆయనే నడుపుకుంటూ తీసుకొచ్చేవారు. ఆ కారు వెనక సీటు ఆమె నడుముకు అలవాటైంది. వేరే బండి అంటే ఆమె ఒప్పుకోదు.

బండి రోగం ఇదీ. పొద్దున చక్కగా వస్తుంది. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఇంజను బాగా కాగిన తర్వాత ఎవరో తాళం తిప్పినట్టు టక్కున ఆగిపోతుంది. కాసేపు చల్లారితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ముందు వారం ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఆగిందట. డయాలసిస్ మంచం మీద నుంచి లేచి వచ్చిన మనిషి సొమ్మసిల్లి పడుకుంటే, ఆయన కిటికీకి తువ్వాలు అడ్డం పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారట.

"ఇంగొక్కసారి అట్ల ఆగితే ఈమెను ఇల్లు చేర్చలేనప్పా మస్తానూ," అన్నారాయన.

వెనక సీట్లోంచి ఆమె అందుకుంది. "ఊరికే భయపడతాండాడు. కారు ఆగితే మనిషి కూడా ఆగిపోతాదా యాడన్నా?"

వేరే షెడ్డులో అప్పటికే పెట్రోలు పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు. ఎండకు పెట్రోలు ఆవిరవుతోందని పాతకాలం బళ్ల లెక్కన పైపుకు తడి గోనెపట్ట చుట్టి పంపారు. ఎండ మండే మా సీమలో బండి ఆగితే మేమంతా ముందు అనుమానించేది ఎండనే.

ఆమెను ఆసుపత్రిలో దించి రమ్మని, ఏసీ వేసి ఎండలో బండి ఆగిపోయేదాకా నడిపాను. ఆగగానే కింద దూరి క్రాంక్ సెన్సారు మీద సీసాతో నీళ్లు పోశాను. వెంటనే స్టార్టయింది. ఇంజనులో రంపంలాంటి పండ్లున్న చక్రం తిరుగుతుంటే ఆ తిరుగుడును కంప్యూటరుకు చెప్పేది ఈ చిన్న ముక్కే. అది చెప్పడం మానేస్తే ఎప్పుడు నిప్పు రవ్వ వేయాలో కంప్యూటరుకు తెలియదు. లోపలి సన్న తీగె వేడికి విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది.

రోగం దొరికింది. సామాను దగ్గర చిక్కు వచ్చింది. ఆ మోడలు కంపెనీ ఆపేసి చాలాకాలమైంది. కంపెనీ సెన్సారు పై డిపో నుంచి రావాలి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమన్నారు. కంపెనీకి చేసిచ్చేవాళ్లే తమ సొంత డబ్బాలో అమ్మేది ఒకటుంటుంది, అదీ దొరకలేదు. బజారులో ఉన్నది ఎవరు చేశారో తెలియని లోకల్ మాల్. ఆమె డయాలసిస్ మాత్రం సామాను కోసం ఆగదు.

సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన ఈశ్వరక్క అంతా విని అడిగింది. "కంపెనీది ఎన్నాళ్లు వస్తాది? లోకల్ది ఎన్నాళ్లు వస్తాది?"

నేను బండి గురించే అనుకుని చెప్పాను. "కంపెనీదైతే శానా ఏండ్లు చూసుకోపన్లేదక్కా. లోకల్ది ఏడాదో రెండేండ్లో. గట్టిగా చెప్పలేం."

"అట్లయితే లోకల్దే ఎయ్యప్పా. నాకు సరిపోతాది."

ఓబులరెడ్డిగారు ఊడదీసిన పాత సెన్సారును చేతిలోకి తీసుకుని తిప్పారు. తర్వాత ఆమె వైపు చూడకుండానే, "బండికేసేది సామాను, నీకు గాదు. కంపెనీదే తెప్పియ్ మస్తానూ," అన్నారు.

"పెండ్లినాటి నుంచీ ఇంతే. నేనొకటంటే తానొకటి," అని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

కంపెనీదానికి ఆర్డరు పెట్టించి, అది వచ్చేదాకా నడవడానికి రెండు రకాల లోకల్ సెన్సార్లు తెప్పించాను. పాతదాని పక్కన పెట్టి చూస్తే ఒకదాని మూతి వెంట్రుకవాసి పొడుగు. చక్రానికి రాసుకుంటుందని తిప్పి పంపేశాను. రెండోదాన్ని పాలిథిన్‌లో చుట్టి, టీ అంగడి నుంచి తెచ్చిన మరిగే నీళ్లలో ముంచి, తీగెలకు మీటరు పెట్టాను. వేడెక్కినా తీగె విడిపోలేదు. బిగించి, ఆ రాత్రికి వాళ్లను కర్నూలులోనే ఉండమని, మర్నాడు మిట్టమధ్యాహ్నం ఓర్వకల్లు దాకా పోయి వచ్చాను. ఆగలేదు. మళ్లీ ఆగితే నీళ్లెక్కడ పోయాలో ఆయనకు బండి కింద వంగి చూపించి, నీళ్ల సీసా ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నాను.

మామిడికాయల కాలం అయిపోయేటప్పుడు కంపెనీ సెన్సారు వచ్చింది. ఆయన ఆ రోజే డబ్బాతో షెడ్డుకొచ్చారు. ఈశ్వరక్క ఒక బుట్ట బంగినపల్లి పండ్లు తెచ్చింది. కిడ్నీ జబ్బుకు మామిడి పడదు, తాను తినకూడదు. ఒక పండు వాసన చూసి నా చేతిలో పెట్టి, "నువ్వు తిను, నేను చూస్తా," అంది.

సెన్సారు మార్చమంటే నేను వద్దన్నాను. బాగా పనిచేస్తున్నదాన్ని పీకకూడదు. పాత బండిలో వేడికి ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి, విరిగితే కొత్త రోగం. డబ్బాను బండిలోనే పెట్టుకోమన్నాను. ఆయనకు ఇష్టం లేకపోయినా ఊ అన్నారు.

తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ కారు షెడ్డులోకి వచ్చింది. ఈసారి ఈశ్వరక్క ముందు సీట్లో ఉంది. ఒళ్లో కంపెనీ డబ్బా. చిక్కిపోయింది గానీ కళ్లలో ఏదో గెలిచిన సంబరం.

"మస్తానప్పా, పాణ్యం దగ్గర నీ లోకల్ది పోయినాది. ఈయన నీళ్లు పోసి తెచ్చినాడు." డబ్బా నా చేతికిచ్చింది. "అది పోయినాది. నేనుండాను."

ఓబులరెడ్డిగారు బానెట్ ఎత్తి, చూడ్డానికి ఏమీ లేని చోట చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇంగ ఎయ్యప్పా కంపెనీది. శానా ఏండ్లు రావల్ల," అన్నారు.

క్లిప్పు విరగకుండా నిదానంగా ఊడదీసి బిగించాను. నేను షెడ్డు మానుకునేనాటికి ఆ సెన్సారు నడుస్తూనే ఉంది, ఆ బండి వారం వారం వస్తూనే ఉంది.

పనిలో నాకు మిగిలింది ఇది. ఏ ముక్క పోతే బండి దారిలో ఆగిపోతుందో, దానికి వీలైతే కంపెనీదే వేయాలి. అది దొరకనప్పుడు లోకల్ది కొలిచి, కాచి, ఎండలో నడిపి చూశాకే వేయాలి. ఎన్నాళ్లు వస్తుందని ఎవరైనా అడిగితే, ఆ బండి ఎవరి కోసం తిరుగుతోందో కనుక్కోకముందు నేను జవాబు చెప్పడం మానేశాను.