మా ఇంట్లో వాళ్ల సామాను

చల్లపల్లిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినవాళ్లు ముందు ఆ హాలును మెచ్చుకుంటారు. "ఎంత నీట్‌గా పెట్టుకున్నావమ్మా ఇల్లు!" అంటారు. విజయవాడలో మా ఇంటికి వచ్చినవాళ్లు ఏమీ అనరు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలా అని చుట్టూ చూస్తారు. ఆ చూపును ఏళ్ల తరబడి భరించాను. స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు ఇల్లు సర్దుకోవడం చేతకాని మనిషని మా వీధిలోనూ అనుకునేవారు. అడ్డంగా పడివున్న ఆ సామానులో నాది ఒక్కటీ లేదని ఎవరికని చెప్పను?

ఇల్లు మా మామగారు కట్టింది. కింద హాలు, పడకగది, వంటగది. మేడ మీద రెండు గదులు. అత్తగారూ ఆయనా పోయాక పంపకాల్లో ఈ ఇల్లు మావారికి వచ్చింది. కంకిపాడు దగ్గర పొలం మా బావగారు తీసుకున్నారు. ఆడపడుచుకు బంగారమూ ఒక స్థలమూ ముట్టాయి. ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు గాని, సామాను మాత్రం కదల్లేదు. పైగా పెరిగింది.

బావగారు హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నప్పుడు తన పుస్తకాల బీరువా అక్కడ పట్టదని మా హాల్లో పెట్టించారు. ఆడపడుచు తన వాటాకు వచ్చిన ఇత్తడి గంగాళాలు, బిందెలు, కాగులు మా మంచం కింద వదిలేసి వెళ్లింది. తరవాత పాత సోఫా వచ్చింది. తరవాత వాళ్లాయన కొన్ని వారాలు మోజుగా తొక్కి మానేసిన వ్యాయామం సైకిలు వచ్చింది. "చిన్నన్నయ్యా, కొన్నాళ్లు ఉంచు" అని ఫోన్ చేసేది. మావారు "దానికేం, ఉండనీ" అనేవారు. మాట ఆయనది. దుమ్ము దులపడం నాది.

పైగా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇల్లు సర్దుకోవడం గురించి వీడియోలు పెట్టేది మా ఆడపడుచే. ఏడాదిపాటు వాడని వస్తువు ఇంట్లో ఉంచకూడదట. ఖాళీ ఇంట్లోనే లక్ష్మి నిలుస్తుందట. "వదినా, ఇది తప్పకుండా చూడు" అని కింద రాసేది. ఆమె వాడని వస్తువులన్నీ నా మంచం కిందున్నాయి మరి.

నాకంటూ ఆ ఇంట్లో ఉన్నది పడకగది గోడ అలమరాలో అన్నిటికంటే కింది అర. అందులో మా నాన్న నేసిన చీరలు పెట్టుకున్నాను. మాది పెడన. నాన్న మగ్గం మీద బతికిన మనిషి. అమ్మేందుకు నేసినవి షావుకారుకు పోయేవి. ఎప్పుడైనా మిగిలిన నూలుతో నాకోసం ఒకటి నేసేవాడు. అందుకే ఏ చీరా పూర్తిగా ఒకే రంగులో ఉండేది కాదు. ఒకదాని కొంగులో ఉన్నట్టుండి పసుపు చారలు వస్తాయి, అక్కడికి ఎర్ర నూలు అయిపోయిందని అర్థం. నాన్న పోయాక మగ్గం తీసేశారు. ఆ చీరలు నేను కట్టింది తక్కువ, తీసి చూసుకున్నది ఎక్కువ.

ఆ వానాకాలం బుడమేరు వాగు పొంగి మా వైపుకు తిరిగింది. ఆదివారం పొద్దున పాలకోసం గేటు తీస్తే వీధిలో నీళ్లున్నాయి. వానకు నిలిచాయనుకున్నాను. టీ పెట్టేలోపు బాత్‌రూము తూములోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. చూస్తుండగానే హాల్లో చీలమండ దాకా వచ్చాయి.

మావారు ముందు అన్న మాట, "అన్నయ్య పుస్తకాలు!"

బీరువా కదలదు. తలుపులు తీసి, చేతుల నిండా పుస్తకాలు పెట్టుకుని మెట్లెక్కడం, మళ్లీ దిగడం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి కూడా మోసింది. లావుపాటి బైండు పుస్తకాలు, ఎప్పటివో పరీక్షల గైడ్లు, కట్టలుగా కట్టిన పాత వారపత్రికలు. అవి అయ్యేసరికి నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. మావారు మంచం కిందికి వంగి గంగాళం లాగారు. "చెల్లాయివి కూడా పైకి చేర్చేద్దాం. రేపు ఏమన్నా అయితే మాటొస్తుంది" అన్నారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ఆ కంగారులో నాకూ తట్టలేదు. నీళ్లు పోసుకోవడానికి చేసిన గంగాళాలను, నీళ్లలో తడుస్తాయని మేడ మీదకు మోశాం.

కాగును పైన దింపి ఊపిరి తీసుకుంటుంటే చీరలు గుర్తొచ్చాయి. మెట్ల మీద సగం దాకా వెళ్లాను. నడుం లోతు నీళ్లు. కరెంటు ఇంకా తియ్యలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "వద్దమ్మా, షాక్ కొడుతుంది" అని ఏడుపు గొంతుతో వెనక్కి లాగింది. అక్కడే నిలబడి చూశాను. పడకగదిలో అలమరా తలుపు సగం దాకా నీళ్లలో ఉంది.

మేడ మీద ఒక గది నిండా అప్పటికే వాళ్ల సోఫా, సైకిలు. రెండో గదిలో పుస్తకాలూ ఇత్తడీ. మేం ముగ్గురం ఆ మధ్య కాళ్లు ముడుచుకుని పడుకున్నాం. పడవల మీద వచ్చినవాళ్లు ఇచ్చిన పులిహోర పొట్లాలు తిన్నాం, తాగేనీళ్లు పొదుపుగా తాగాం.

ఫోన్లు పనిచేసిన పూట ముందు బావగారు చేశారు. "ఎలా ఉన్నారు? పుస్తకాలు జాగ్రత్తరా, అవి మళ్లీ దొరకవు" అని మావారితో అన్నారు. కాసేపటికి ఆడపడుచు. "వదినా, టీవీలో చూస్తుంటే భయమేసింది. మీరంతా బాగానే ఉన్నారుగా? మా ఇత్తడి సామాను కొట్టుకుపోలేదుగా?"

"లేదమ్మా. నాకంటే పైనే ఉన్నాయి" అన్నాను. ఆమె హమ్మయ్య అంది.

నీళ్లు తీశాక ఇల్లంతా బురద. అలమరా తలుపు ఉబ్బి రాలేదు. గడ్డపారతో తీయించాం. చీరలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దగా ఉన్నాయి. ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి దిగింది. ఉతికాను. ఎండేశాను. మళ్లీ ఉతికాను. మురుగు వాసన పోలేదు, పట్టుకుంటే నూలు విడిపోతోంది. చివరికి వీధి చివర పరుపులూ మెత్తలూ ఫ్రిజ్‌లూ గుట్టపోసిన చోట నేనే తీసుకెళ్లి పడేశాను. మున్సిపాలిటీ బండి వచ్చేదాకా అక్కడ నిలబడలేకపోయాను.

దసరా వెళ్లాక బావగారు చూడ్డానికి వచ్చారు. పెద్దమనిషి, బ్యాంకులో ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆయన ముందు నేను ఎప్పుడూ గొంతు పెంచి ఎరగను. గోడల మీద నీటి చారను చూసి నొచ్చుకున్నారు. మేడెక్కి పుస్తకాల గుట్ట ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒకటి తీశారు, వేలితో దుమ్ము తుడిచారు, పక్కన పెట్టారు. రెండోది తెరవనే లేదు.

"ఇవన్నీ ఇంకా ఉంచారా? పాతపేపర్లవాడికి ఇచ్చెయ్యకపోయారా అమ్మాయ్" అన్నారు.

నా చేతిలో కాఫీ కప్పుంది. దాన్ని నెమ్మదిగా కిటికీలో పెట్టాను.

"మీరే కదండీ బావగారూ, జాగ్రత్త అని ఫోన్ చేశారు?"

"ఏదో మాటవరసకి అన్నాను. ఇప్పుడెవడు చదువుతాడు ఇవి?"

"మీకు మాటవరసైన ఈ పుస్తకాల కోసం మా ప్రాణాలు పోయేవండీ. నీళ్లలో కరెంటు ఉండగా మా పిల్ల మోసింది వీటిని. వీటిని మోస్తుంటే కింద మా నాన్న చీరలు మురిగిపోయాయి. వాటి గురించి ఒక్కరు అడగలేదు."

మావారు "ఊరుకో" అన్నారు. ఊరుకోలేదు. "ఇవాళే తీసుకెళ్లండి, లేదా ఇవాళే ఇచ్చెయ్యండి. మీ ఎదురుగానే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నావైపు కాకుండా తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు నేల చూశారు.

పాతపేపర్లవాడిని నేనే పిలిచాను. తక్కెడలో కట్టలు ఎక్కుతుంటే బావగారు వరండాలో నిలబడి ఫోన్ చూసుకున్నారు. ఒక్క పుస్తకం కూడా పక్కకు తియ్యలేదు. మధ్యాహ్నం భోంచేస్తూ "పప్పు బాగుందమ్మాయ్" అన్నారు. గిన్నె ఆయన ముందుకు జరిపాను. అలిగి తినకుండా వెళ్లిపోయినా నా కోపం కొంత తగ్గేదేమో.

ఆ రోజు నుంచి మావారు నాతో ముక్తసరిగా మాట్లాడారు. నేను లెక్కచెయ్యలేదు. ఆడపడుచు సామాను ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి, "వచ్చి తీసుకెళ్లమ్మా" అని రాశాను. దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. తరవాత "పండగలయ్యాక చూద్దాం వదినా" అని వచ్చింది. ఆ తరవాత ఇల్లు సర్దుకోవడం మీద ఇంకో వీడియో వచ్చింది.

ఆ వీడియో చూసిన మర్నాడు, స్కూలు సెలవు, ట్రాలీ ఆటో మాట్లాడాను. గంగాళాలు, బిందెలు, కాగులు, సోఫా, సైకిలు అన్నీ ఎక్కించాను. మావారు గేటు దగ్గర నిలబడి, "దాన్ని బాధపెట్టడం నీకు సరదాగా ఉందా?" అన్నారు. "మీరొస్తారా, నేను వెళ్లనా?" అన్నాను. ఆయన రాలేదు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. కంకిపాడు దాటాక చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడక. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. వెనక ఇత్తడి ఒకటే మోత.

ఆడపడుచు తలుపు తీసి, ఆటోను చూసి, నన్ను చూసింది. "ఇదేంటి వదినా, ఫోనన్నా చెయ్యకుండా!"

"చేస్తే వద్దంటావు. అందుకే చెయ్యలేదు."

"ఇవన్నీ ఎక్కడ పెట్టుకోమంటావు? మొన్ననేగా ఇంటీరియర్ చేయించాం. హాల్లో ఆ పాత సోఫా వేస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

"మా ఇంట్లో బాగుందా?"

ఆమె మాట మార్చింది. "పుట్టిల్లని అక్కడ పెట్టుకున్నాను. నాకా మాత్రం హక్కు లేదా?"

"పుట్టింటికి నువ్వు రా. నెల రోజులుండు, వండిపెడతాను. నీ సైకిలుకి మాత్రం చాకిరీ చెయ్యలేను."

"అంత అడ్డమనిపిస్తే అమ్మేసుకోవాల్సింది!"

"అమ్మితే ఏమనేదానివో నాకు తెలుసమ్మా. అమ్మ సామాను వదిన అమ్ముకు తినేసిందని ఊరంతా చెప్పేదానివి."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మే ఉంటే ఇట్లా జరిగేదా అంది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు. నేను ఆగలేదు. "మా నాన్న చీరలు కుళ్లిపోతే ఒక్క మాట అడిగావా నువ్వు?" అన్నాను.

ఏడుపు ఆపి నావైపు చూసింది. "చీరలా? ఏ చీరలు వదినా?"

నటన కాదు. నిజంగానే ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో వచ్చినప్పుడల్లా నా వంట తిని, నా మంచం మీద పడుకుని, కింద తన బిందెలు లెక్క చూసుకుని వెళ్లిన మనిషి. ఆ గదిలో నాది కూడా ఏదన్నా ఉంటుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. దారిలో కూడబలుక్కున్న మాటలన్నిటికంటే ఆ ప్రశ్నకే నాకు ఒళ్లు మండింది. ఏం చెప్పినా దండగనిపించి, డ్రైవరుతో "దింపెయ్యండి" అన్నాను. నున్నటి టైల్స్ మీద గంగాళాలు, వాటి పక్కన సోఫా, ద్వారానికి అడ్డంగా సైకిలు. ఆమె మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నేనూ అడగలేదు. తిరుగుదారిలో ఉయ్యూరులో ఆగి, నేనూ డ్రైవరూ ఇడ్లీ తిన్నాం.

మేడ మీది గదికి సున్నం వేయించాను. మా అమ్మాయి టేబులు అక్కడికి మార్చుకుంది. ఇంట్లో నడవడానికి చోటుంది. అంతమాత్రాన నా మనసు తేలికపడిందని చెప్పలేను. గిన్నెలు తోముతుంటే, ఆటోలో వెళుతుంటే, "మాటవరసకి" అన్న ముక్క గుర్తొచ్చి పళ్లు బిగుసుకుంటాయి.

వేసవిలో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షను. పిలుపు మావారి ఫోనుకే వచ్చింది. ఆయనొక్కరే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు కారు డిక్కీలో పెద్ద అట్టపెట్టె ఉంది.

"ఏంటది?"

"ఫంక్షనుకి వచ్చిన గిఫ్టులట. గోడ గడియారాలు, డిన్నర్ సెట్లు. అక్కడ చోటు లేదంది. కొన్నాళ్లే..."

"దింపకండి" అన్నాను.

ఆయన పెట్టెను ఎత్తబోయి మళ్లీ వదిలేశారు. నేను గేటు దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి డిక్కీ మూసి, జేబులోంచి ఫోను తీశారు. "చెల్లాయ్, ఆదివారం ఇంట్లో ఉంటావా? పెట్టె తిరిగి తెస్తున్నాను" అన్నారు. అవతల ఆమె గట్టిగా ఏదో అంటోంది. ఆయన ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, "మీ వదిన కాదు, నేనే వద్దంటున్నాను" అన్నారు.